రెండు వేళ్ల అడవి

"వేళ్లు తీయండి," అంది పట్టీ.

జోగులమ్మ తీయలేదు. నల్లమద్ది మాను చుట్టూ పాకి, తన తోకని తనే పట్టుకున్న ఆ కొత్త పట్టీకీ, చెట్టు బెరడుకీ మధ్య ఆమె చూపుడువేలూ మధ్యవేలూ ఇరుక్కుని ఉన్నాయి.

"దయచేసి వేళ్లు తీయండి. కొలత పూర్తి కాలేదు."

"నీ దయ తగలెయ్య," అంటూ చెయ్యి లాక్కుంది. పట్టీ కిర్రుమని బిగిసింది. ఎంత బిగిసిందంటే, బెరడు మీద ఎండిన పెచ్చు ఒకటి విరిగి ఆమె పాదం మీద పడింది. పట్టీ మీద చిన్న వెలుగొకటి పచ్చగా వెలిగి, ఆరింది. అయిపోయింది. మూడు వందల తొంభయ్యో చెట్టు. ఇంకా ఇరవై రెండు.

మూడు రోజులుగా ఇదే పని. ఈ సరుకుకి పై ఆఫీసు వాళ్లు పెట్టిన పేరు బిగిపట్టీ. ఒకసారి మానుకి తొడిగితే చాలు, చెట్టు లావెక్కే కొద్దీ తనే సాగుతూ, సన్నబడితే తనే ముడుచుకుంటూ, ఏ పూటకా పూట కొలతని పైకి పంపించేస్తుంది. ఇక టేపు పట్టుకుని చెట్టు చెట్టుకీ తిరిగే మనిషి అక్కర్లేదు. అంటే పద్దెనిమిదేళ్లుగా ఆ పని చేస్తున్న జోగులమ్మ తన చేత్తో తనే తన పనికి ఆఖరి ముడి వేస్తోంది. అదీ ఆమె చిరాకు. కానీ అంతకంటే పెద్ద చిరాకు ఆ కిర్రుమన్న శబ్దం. ఆ శబ్దం విన్నప్పుడల్లా ఆమెకి తన మెడ మీదెవరో చెయ్యేసినట్టు ఉంటోంది.

గుమ్మడిగొంది ఊరి వెనక కొండ మీద ఈ రెండున్నర ఎకరాల ముక్కని ఆధార గడి అంటారు. ఆకాశంలో తిరిగే మింటికళ్లు రోజుకోసారి అడవంతా చూసిపోతాయి. కానీ పైనుంచి చూసేదానికి చెట్టు గొడుగు కనపడుతుంది గాని మాను లావెంతో ఏం తెలుస్తుంది? అందుకని కొండకొక ముక్క ఎంచి, అందులో ప్రతి మానునీ నేల మీది మనిషి చేత రొమ్మెత్తున కొలిపిస్తారు. ఆ మనిషిని నేలసాక్షి అంటారు; ఇక్కడ జోగులమ్మ. ఆమె చెప్పిన చుట్టుకొలతలతో మింటికళ్లు తమ చూపుని దిద్దుకుంటాయి. లావు తెలిస్తే బరువు తెలుస్తుంది. ఎండిన బరువులో ఇంచుమించు సగం బొగ్గు, చదువుకున్నవాళ్లు కార్బన్ అనేది. ఆ బొగ్గు పొగై పైకి పోకుండా కొండ మీదే ఉందా లేదా అని కాపలా కాసేదే బొగ్గుపటం.

పటం వచ్చి ముప్ఫై రెండేళ్లు. ఇప్పుడు ఎండ ఎంతో, వాన ఎప్పుడో చెప్పినట్టే పొద్దున్నే కొండ బరువు చెబుతారు. పట్నాల్లో విమానం ఎగరాలన్నా సిమెంటు బట్టీ రాజెయ్యాలన్నా, తమ పొగకి సరిపడా బొగ్గు కొండల్లో ఉందా అని ముందు ఆ అంకె చూసుకుంటారు. కొండవాళ్లకైతే ఆ అంకె చేతికే కట్టి ఉంటుంది. బరువు నిలిచినన్నాళ్లూ అందరి కడియాలూ పచ్చగా ఉంటాయి, ఎవరి దారిన వాళ్లు కొండెక్కి దిగొచ్చు. తరిగిందా, ఊరి మొత్తానికీ కడియాలు ఎర్రబడతాయి. కొండ మొదట్లో కంటికి కనపడని దడి ఒకటి లేస్తుంది. దాటితే కడియం కూత పెడుతుంది. చెవులు మూసుకున్నా ఎముకల్లోంచి వినపడే కూత. దిగొచ్చేదాకా ఆగదు.

గుమ్మడిగొంది కడియాలు ముప్ఫై రెండేళ్లలో ఒక్కసారి కూడా ఎర్రబడలేదు.

ఆఖరి పట్టీ సాయంత్రానికి బిగిసింది. జోగులమ్మ నీళ్లు తాగుదామని కూర్చుంది. సీసా మూత ఇంకా తిప్పలేదు, చేతి కడియం ఎర్రగా మారి కూత అందుకుంది.

*

ఆమె పడుతూ లేస్తూ దిగొచ్చేసరికి కొండ మొదట్లో ఊరంతా ఉంది. ఆమె మేనమామ బొజ్జిరెడ్డి ఒక చేత్తో కల్లు లొట్టి, ఇంకో చేత్తో గీతకత్తి పట్టుకుని, మోకాళ్లు కొట్టుకుపోయి, రాయి మీద కూలబడి ఉన్నాడు. డెబ్బై ఏళ్లు దాటిన మనిషి. జోగులమ్మకి ముందు నేలసాక్షి ఆయనే, టేపు పట్టడం నేర్పిందీ ఆయనే.

"ఏటే అమ్మీ ఇది? కల్లుకి జీలుగు చెట్టు మీద ఉన్నాను. సగం గీసాను. చెవిలో ఈ దరిద్రపు కూత! నిచ్చెన వెదురు మీంచి జారిపోయి చచ్చేవాణ్ణి."

"నాకేం తెలుసు మావా? కొండ బరువు పడిపోయిందంట. నూటికి పదకొండు."

"పదకొండా? ఎవడు ఎత్తుకుపోయాడు, వీపు మీద పెట్టుకుని?"

కొందరు నవ్వారు. బొజ్జిరెడ్డి నవ్వలేదు. కొండ వైపు చూస్తున్నాడు. మాఘం దాటి ఫాల్గుణం నడుస్తోంది, జీలుగు పారే కాలం. నలభై ఇళ్లకీ ఎండాకాలం సగం తిండి ఆ కల్లే. జీలుగు గెలని పొద్దునా సాయంత్రం సన్నగా చెక్కుతూ ఉండాలి. రెండు పూటలు తప్పితే ఊట సన్నబడుతుంది. మూడో రోజు దాటితే గెల మూతి ఎండి, మూసుకుపోతుంది. అంతే, ఆ గెల ఇక పారదు. ఆ లెక్క అక్కడ నిలబడ్డ వాళ్లందరికీ తెలుసు. బొజ్జిరెడ్డి కొడుకు గంగిరెడ్డికి కూడా తెలుసు, వాడు జీలుగెక్కింది ఎన్నడూ లేకపోయినా. వాడు కడియాలు బాగుచేసే దుకాణం పెట్టుకున్నాడు.

"వదినా, నువ్వు పలుకుతో మాట్లాడు," అన్నాడు గంగిరెడ్డి. "నేలసాక్షివి. నీ మాట వినాలి."

పలుకు అంటే పటం గొంతు. ఎవరు ఏ యాసలో అడిగితే ఆ యాసలోనే జవాబిస్తుంది. అచ్చం పక్కింటి మనిషిలా మాట్లాడి, గోడలా నిలబడుతుంది.

"జోగులమ్మా, చెప్పు," అంది కడియంలోంచి.

"మా కొండ మీద ఒక్క కొమ్మ విరగలేదు. బరువెలా తగ్గింది?"

"తగ్గినట్టు కనపడింది. ఎలా తగ్గిందో నువ్వే చెప్పాలి. నరికారా, కాలిందా, పోడు కొట్టారా, గాలివానా, చీడా?"

"ఏదీ కాదు."

"ఆ అయిదిట్లో ఒకటి చెప్పు."

"ఏదీ కాదంటుంటే! కొలతలోనే ఏదో తేడా ఉంది."

"కొలత ఇప్పుడు మనిషి చెయ్యట్లేదు గదా, తేడా రాదు. కారకుడి పేరు చెబితే ఊరి కడియాలు విడుదల చేస్తాను. కారకుడు లేని తరుగుని ముయ్యడానికి నాకు వీల్లేదు."

"అయితే మీ పై వాణ్ణెవణ్ణైనా పంపించు."

"పంపిస్తున్నాను. రేపు మధ్యాహ్నం. ఇంకేమైనా సాయం కావాలా?"

ఆమె అన్న మాట పలుకుకి అర్థమైందో లేదో గాని, చుట్టూ ఉన్న ఆడవాళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు.

*

తనిఖీకి వచ్చిన కుర్ర ఆఫీసరు పేరు నిరంజన్. ముప్ఫై ఉంటాయేమో. రాజమండ్రి మనిషి. తనిఖీ కోసం తనతో పాటు ఇద్దరికి దడి తెరిపించుకున్నాడు. జోగులమ్మనీ బొజ్జిరెడ్డినీ వెంటపెట్టుకుని గడి అంతా తిరిగాడు. నాలుగు వందల పన్నెండు చెట్లూ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఒక్క మొద్దు లేదు, కాలిన మచ్చ లేదు. ఆయన ముఖం గంట గంటకీ మరింత వెర్రిగా మారింది.

"జోగులమ్మ గారూ, మీ పాత టేపు ఉందా?"

"ఉంది సారూ."

"పోయినేడు మీరు ఎలా కొలిచారో ఈ చెట్టుని అలాగే కొలవండి. నేను చూస్తాను."

ఆమె గుగ్గిలం చెట్టుకి టేపు చుట్టింది. రొమ్మెత్తున, వంకర లేకుండా, నేలకి సమానంగా. తర్వాత, ఊపిరి తీసుకున్నంత మామూలుగా, టేపు కింద రెండు వేళ్లు దూర్చి, చుట్టూ సవరించి, వదులు చేసి, అంకె చదివింది.

"నూట పదిహేను."

నిరంజన్ బిగిపట్టీ అంకె చూశాడు. నూట పది. మళ్లీ ఆమె చేతి వైపు చూశాడు.

"ఆ వేళ్లెందుకు పెట్టారు?"

"ఏ వేళ్లు?"

"అవే. టేపు కింద."

జోగులమ్మ తన చెయ్యిని తనే మొదటిసారి చూస్తున్నట్టు చూసుకుంది. ఇన్నేళ్లలో అడిగినవాడు లేడు. పటం వాళ్లు ఇచ్చిన శిక్షణలో టేపు ఎంత ఎత్తున పట్టాలో, మాను రెండుగా చీలితే ఏం చెయ్యాలో, పుట్ట అడ్డం వస్తే ఏం చెయ్యాలో, అన్నీ చెప్పారు. బిగించమని వేరే చెప్పాలని వాళ్లకి తోచలేదు. బిగించకూడదని ఈమెకి ఎవరూ చెప్పక్కర్లేదు.

"బతికున్న మానుకి ఏం కట్టినా రెండు వేళ్లు వదిలి కట్టాలి బాబూ," అన్నాడు బొజ్జిరెడ్డి. పసివాడికి చెప్పినట్టు చెప్పాడు. "బిగించి కట్టేది రెండిటికే. పాడెకీ, పడగొట్టే చెట్టుకీ. పడే వైపు లాగడానికి తాడు బిగిస్తాం గదా. ఊరికే బిగిస్తే చెట్టు ఏమనుకుంటాది? నా పని అయిపోయిందనుకుంటాది."

"మీరు కూడా ఇలాగే కొలిచారా?"

"నేనే గదా నేర్పాను. అప్పుడు పధ్నాలుగేళ్లు నేను, ఇప్పుడు పద్దెనిమిదేళ్లు అది."

నిరంజన్ ముందు నవ్వాడు. తర్వాత వేళ్ల మీద ఏదో లెక్కేసుకున్నాడు. నవ్వు ఆగిపోయింది. అలాగే గుగ్గిలం మొదట్లో కూర్చుండిపోయాడు.

"చుట్టుకొలత నూటికి నాలుగైదు పెరిగితే బరువు పది పదకొండు పెరుగుతుంది," అన్నాడు నెమ్మదిగా. "ముప్ఫై రెండేళ్లుగా మీ కొండ మీద లేని అడవి ఒకటి పటంలో ఉంది. ఆ రెండు వేళ్ల సందంత అడవి. నిన్న పట్టీ బిగిసింది, ఆ అడవి పోయింది."

"లేనిది పోతే నష్టమేటి సారూ?" అంది జోగులమ్మ. "రాసెయ్యండి ఆ మాటే. మా చేతి తప్పే, ఒప్పుకుంటాను."

"రాస్తాను," అన్నాడు. ఆ గొంతులో గట్టిదనం లేదు. పెద్దాయన ఆ గొంతు విని మనసులోనే గెలలు లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టాడు.

*

నిరంజన్ నివేదిక రాశాడు. పంచాయతీ అరుగు మీదే కూర్చుని, ఫొటోలతో సహా, రెండు కొలతలూ పక్కపక్కన పెట్టి రాశాడు. పలుకు అందుకుంది. చదివింది. మెచ్చుకుంది కూడా.

"మంచి పరిశీలన. నివేదికలో కారకుడి పేరు రాసే గడి ఖాళీగా ఉంది."

ఆయన తన పై అధికారికి ఫోను చేశాడు. జోగులమ్మకి అవతలి గొంతు వినపడింది, అరుస్తోంది గనక.

"నిరంజన్, నీకు మతి ఉందా? పాత కొలత తప్పని ఒప్పుకుంటే, దాన్ని నమ్మి ముప్ఫై రెండేళ్లు ఎగిరిన విమానాలన్నిటినీ ఇప్పుడు దింపమంటావా? మూల కొలత తప్పు కాదు. అడవి తగ్గింది. ఎందుకు తగ్గిందో కనుక్కో."

"తగ్గలేదు సార్. నేను చూశాను."

"నువ్వు రెండు కళ్లతో చూశావు," అని పెట్టేశాడాయన.

అప్పటికే రెండో రోజు పొద్దు వాలింది. జోగులమ్మ ఊరికే ఉండలేక, దడికి ఇవతలున్న వేపచెట్టు మీద మిగిలిన బిగిపట్టీ ఒకటి చుట్టి, కింద వెదురు పుల్లలు దోపి చూసింది. 'అడ్డు ఉంది, తొలగించండి' అంది పట్టీ. పుల్లలు తీసి అరటి నార పెట్టింది. 'అడ్డు ఉంది.' తన కొంగు మడిచి పెట్టింది. 'అడ్డు ఉంది.' గంగిరెడ్డి పట్టీ వెనక మూత ఊడదీద్దామని మూడు గంటలు కుస్తీ పట్టి, వేలు తెగ్గోసుకున్నాడు.

మూడో రోజు పొద్దున్నే బొజ్జిరెడ్డి అరుగు దగ్గరికి వచ్చాడు. మొహం కడుక్కుని, తల దువ్వుకుని, ఉతికిన పంచె కట్టుకుని వచ్చాడు.

"పలుకుని పిలు," అన్నాడు.

"ఎందుకు మావా?"

"పేరు కావాలందిగా. ఇస్తాను."

విషయం అర్థమై జోగులమ్మ ఆయనకి అడ్డం వచ్చింది. "నీకేమైనా పిచ్చా? కారకుడికి జన్మంతా ఎరుపే. మళ్లీ కొండెక్కలేవు. ఇవ్వాల్సొస్తే నా పేరు ఇస్తాను. టేపు పట్టింది నేను."

"నీకు ఎక్కే కాళ్లు ఇంకా ఇరవై ఏళ్లున్నాయే. నావి మహా అయితే మూడో నాలుగో. ఇవాళ సాయంత్రం లోపు చెక్కకపోతే నలభై ఇళ్ల గెలలూ ఎండిపోతాయి. నువ్వు పిలుస్తావా, నేనే కడియం మీద గుద్దనా?"

"పెద్దాయనా, ఇంకో రెండు రోజులాగండి," అన్నాడు నిరంజన్. "పైవాళ్లకి పైన ఇంకొకరున్నారు. వాళ్లకి..."

"నువ్వు మంచోడివి బాబూ. జీలుగుకి ఆ సంగతి తెలీదు."

పలుకు వచ్చింది. పేరు అడిగింది.

"కెచ్చెల బొజ్జిరెడ్డి."

"వయసు?"

"డెబ్బై ఒకటి. డెబ్బై రెండైనా కావచ్చు."

"తరుగు ఎలా జరిగింది?"

"నరికాను."

"దేంతో?"

"కత్తితో. గీతకత్తి."

"ఎన్ని రోజుల్లో?"

ఆయన జోగులమ్మ వైపు చూశాడు. ఆమె ముఖం తిప్పుకుంది. "మూడు," అన్నాడు.

"ఆరు వేల ఆరు వందల టన్నుల బొగ్గు. మూడు రోజులు. ఒక మనిషి. గీతకత్తి. నమోదైంది. సహకరించినందుకు సంతోషం, బొజ్జిరెడ్డీ."

నిరంజన్ అరుగు మీంచి లేచి నిలబడ్డాడు. ఇంత అబద్ధం ఏ యంత్రమూ మింగదని ఎక్కడో ఓ మూల ఆయనకి నమ్మకం ఉండేది. పలుకు దాన్ని గుటక కూడా వెయ్యకుండా మింగేసింది. గడి నిండింది, దానికి అది చాలు. ఊళ్లో నలభై ఇళ్ల కడియాలూ ఒక్కసారిగా పచ్చబడ్డాయి. జనం కత్తులు పట్టుకుని కొండకి పరిగెత్తారు. బొజ్జిరెడ్డి కడియం ఒక్కటే ఎర్రగా ఉండిపోయింది.

ఆయన దాని మీద తువ్వాలు కప్పుకున్నాడు.

*

బొజ్జిరెడ్డి జీలుగులు రెండూ గంగిరెడ్డికి వచ్చాయి. పక్కింటి చోళ్ల అబ్బాయిరెడ్డి, బొజ్జిరెడ్డి ఈడువాడే, రోజూ వాణ్ణి వెంటబెట్టుకుని పైకి తీసుకెళ్లాడు. వాడి వెనకే వెదురెక్కి, వాడి చేతి మీద తన చెయ్యేసి చెక్కించాడు. దుకాణంలో మర తిప్పే చెయ్యి గనక గట్టిగా నొక్కుతున్నాడని తిట్టాడు. పారే గెలని పారించడం వరకూ ఎలాగో వచ్చింది. కొత్త గెలని మొదటిసారి తెరవడం ఇంకా రాలేదు.

ఈలోగా బిగిపట్టీలు పక్క కొండలకి చేరాయి. అక్కడ కొలిచిందీ ఈ జనమే. ఆ జనానివీ ఇవే వేళ్లు. పట్టీ బిగిసిన ప్రతి కొండా ఆ సాయంత్రానికల్లా నూటికి పదో, పదకొండో పోగొట్టుకుంది. ప్రతి ఊరికీ ఒక పేరు కావాల్సొచ్చింది. గుమ్మడిగొందిలో ఏం చేశారో అన్ని ఊళ్లకీ తెలుసు.

జోగులమ్మ గుమ్మం ముందుకి ముసలివాళ్లు రావడం మొదలైంది. ఎలా చెప్పాలో, ఏం చెప్పాలో కనుక్కోవడానికి. ఒక పూట బోదులంక నుంచి సీతాలమ్మ అనే అవ్వ వచ్చింది. వెన్ను వంగిపోయి, కర్ర పట్టుకుని.

"నేను కత్తి ఎత్తలేనే తల్లీ. గొడ్డలని చెప్పమంటావా, నిప్పని చెప్పమంటావా?"

"ఏదైనా ఒకటే అవ్వా. అది అడగదు."

"మరి ఎన్ని చెట్లని చెప్పను?"

"అదే చెబుతుంది. నువ్వు ఊ అను."

"మంచిదేలే," అని అవ్వ బోసినోటితో నవ్వింది. "మా ఇంటాయన బతికుంటే మురిసిపోయేవాడు. కొండంతా నేనొక్కదాన్నే కొట్టేశానంటే!"

జోగులమ్మకి నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. ఫోను తీసి నిరంజన్‌ని పిలిచింది. ఇలా పదకొండు ఊళ్లయ్యాయి, మీరేం చేస్తున్నారు సారూ అంది. ఆయన నాలుగో నివేదిక పంపానన్నాడు. ఈసారి పలుకు తనకి ఒక సలహా ఇచ్చిందన్నాడు: సెలవు తీసుకోమని.

పన్నెండో పేరు నమోదైన మర్నాడు, కొండ బరువు చెప్పే వేళకి, పటం ఇంకో మాట కూడా చెప్పింది. తన దగ్గర చేరిన పేర్లని అది వృథాగా ఉంచుకోలేదు. చదువుకుంది. ఇన్నేళ్లలో లేని పెద్ద తరుగులన్నీ ఒక్క నెలలో, అన్నీ అరవై దాటినవాళ్ల చేతుల్లో. దానికి దొరికిన నీతి అదే. అడవికి ముసలివాళ్లంత ప్రమాదం ఇంకొకటి లేదు. ముందు జాగ్రత్తగా, తూర్పు కొండల్లో అరవై దాటిన ప్రతి మనిషి కడియమూ ఆ ఉదయం ఎర్రబడింది.

అబ్బాయిరెడ్డి సగం దారిలోంచి దిగొచ్చాడు.

ఆ పొద్దున గుమ్మడిగొంది కొండ మొదట్లో, దడి ఉండే చోట, పదిహేడు మంది ముసలివాళ్లు వరసగా రాళ్ల మీద కూర్చున్నారు. ఏ దుంప ఎక్కడ తవ్వాలో, ఏ తేనెపట్టు ఏ నెలలో ముట్టుకోవాలో తెలిసిన వాళ్లందరూ కింద. కాళ్లలో సత్తువ ఉన్నవాళ్లందరూ పైన. కొండ మీద ఫోను అందదు గనక, పైనుంచి ఒక్కొక్కళ్లూ కేకలేసి అడుగుతున్నారు, కింద నుంచి ఒక్కొక్కళ్లూ కేకలేసి చెబుతున్నారు. మధ్యలో గాలి సగం తినేస్తోంది.

బొజ్జిరెడ్డి జీలుగుకి కొత్త గెల దిగింది. ఇవాళే తెరవాలి. లోతు తెగితే గెల కుళ్లిపోతుంది, పైపైన తెగితే పారదు. గంగిరెడ్డి వెదురు మీద నిలబడి కత్తి పట్టుకుని అరిచాడు. కేక కిందికి అందట్లేదని జోగులమ్మ కొండ మధ్యలో, ఇద్దరికీ వినపడే రాతి మీద నిలబడి అందిస్తోంది.

"మావా! ఎంత లోతు కొయ్యాలంటున్నాడు!"

"లోతు కాదే! వాటం! వాటంగా కొయ్యాలి!"

"గంగిగా, వాటంగానంట!"

పైనుంచి గంగిరెడ్డి: "వాటం అంటే ఎటు వదినా? ఎంత?"

ఆమె కిందికి చూసింది. బొజ్జిరెడ్డి రాతి మీంచి లేచి నిలబడ్డాడు. కుడిచెయ్యి పైకెత్తి, లేని కత్తిని పట్టుకుని, లేని గెల మీద, మణికట్టు కొంచెం లోపలికి తిప్పి, గాల్లో మెల్లిగా ఒకసారి లాగాడు. మళ్లీ లాగాడు.

"వదినా! ఏమంటున్నాడు?" పైనుంచి గంగిరెడ్డి గొంతు.

జోగులమ్మ పైకి తిరిగింది. నోటి చుట్టూ రెండు చేతులూ పెట్టుకుంది. కింద ఆ ముసలి చెయ్యి తిరిగిన వంపుని కేకగా ఎలా మార్చాలో ఆమెకి తెలియలేదు.